పద్దెనిమిది ముడులు

నర్సింగమ్మ గోతాల మోపును గడపలో పడేసి, కూర్చోకుండా నిలబడింది. రోజూ అయితే మోపు దించగానే చెంబెడు నీళ్లు అడిగి, సగం తాగి, సగం మెడ మీద పోసుకుని, ఊరి సంగతులన్నీ విప్పి కూర్చునే మనిషి. ఇవాళ నోరు కుట్టేసుకున్నట్టు ఉంది. అజీజా బేగం చేతిలో దబ్బనం ఆగింది.

"ఏమైంది నర్సింగమ్మా? కూసో."

"కూసుంట గని, ఒక్క మాట అడుగుత బీబమ్మా. మీరు లారీలోళ్లకు బలమున్నోళ్లను ఇచ్చి, మా హమాలోళ్లకు పాణం లేనోళ్లను అంటగట్టిండ్రంట గదా?"

అజీజాకు ముందు తల తోక తెలియలేదు. "ఎవళ్లను ఇచ్చినమే?"

"గా డబ్బల తన్నుకునేటోళ్లను. మా ఆయనకు వచ్చినోడు ఒట్టి సచ్చినోడంట. పదిహేను దినాల సంది ఒక్కపారి గెల్వలే. బువ్వ ముంగట కూసుండి చేతులు గిట్ల గిట్ల తిప్పుతడు. బువ్వ సల్లారిపోతది. హమాలోళ్లందరిది ఒక్కటే మాట. రజాక్ భాయ్ లారీలోళ్ల మనిషి, మనల మోసం జేసిండు అని. గిట్లయితె గోతాలు సుత మీకు ఇయ్యద్దనుకుంటుండ్రు."

చెప్పాల్సింది చెప్పేసి, నీళ్లు అడగకుండానే వెళ్లిపోయింది. అజీజా మోపు విప్పి ఒక గోతాన్ని తిరగేసింది. మూలల్లో ఇంకా సిమెంటు దుమ్ము ఉంది. లోడింగులో పగిలిన సంచులు హమాలీలవి. అది ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎప్పటినుంచో ఉన్న మామూలు. వాటిని దులిపి, కుట్లు విప్పి, ఆరు చొప్పున కలిపి మిర్చి ఆరబోసుకునే పట్టాలు కుడుతుంది అజీజా. ఆ గోతాలు రాకపోతే ఆమె చేతికి పని లేదు. హమాలీలు రాకపోతే ముందు గదిలోని వీడియో ఆటల కొట్టుకు మధ్యాహ్నాలు లేవు. అయినా ఆమెను పొడిచింది అదేమీ కాదు, ఆ మోసం అన్న మాట.

మేళ్లచెరువులో సిమెంటు లోడు కోసం వచ్చిన లారీ సీరియల్ నంబరు తీసుకుని కాంటా పక్కన ఒకటి రెండు రోజులు పడి ఉండాల్సిందే. ఆ ఖాళీ రోజుల మీదే ఆమె మొగుడు రజాక్ కొట్టు నడుస్తుంది. నిన్న మొన్నటిదాకా అతని డబ్బాలో ఎనిమిది మంది యోధులే ఉండేవాళ్లు. వాళ్ల ఇంగ్లీషు పేర్లు ఎవరికి కావాలి? పహిల్వాన్ అనీ, జడలాయన అనీ ఆడేవాళ్లే పెట్టుకున్నారు. డబ్బాలోని ఏ మనిషిని ఆడించి ఎవడు మొదట గెలిస్తే వాడే ఆ మనిషికి యజమాని. యజమాని లోడుకు పోయినప్పుడు ఎవరైనా ఆడుకోవచ్చు, తిరిగి వస్తే మాత్రం ఆట మధ్యలోనైనా లేచి ఇవ్వాలి. ఎనిమిది మందీ లారీ డ్రైవర్ల సొత్తే. నర్సింగమ్మ మొగుడు ఐలేశం అట్లా రెండేళ్లు లేచి ఇస్తూనే ఉన్నాడు. పహిల్వాన్ యజమాని లచ్చయ్య అయితే నోటితో కూడా చెప్పేవాడు కాదు, వెనక నుంచి వచ్చి ఐలేశం భుజం మీద రెండు వేళ్లతో తట్టేవాడు. కొట్టుకూ ఇంటికీ మధ్య కట్టిన గుడ్డ తెర వెనక ఉన్న అజీజాకు ఆ తట్టు వినిపించదు కానీ, బటన్ల చప్పుడు ఒక్కసారి ఆగి, కొత్త చేతుల కింద మళ్లీ మొదలవడం వినిపించేది.

అది చూడలేకనే రజాక్ డబ్బాలో ఆట మార్చే కొత్త బోర్డు తెప్పించాడు. పాత ఎనిమిది మంది, కోదాడ బస్టాండు దగ్గరి మిషన్లో ఉండే ఇంకో ఆట మనుషులు, ఎప్పుడూ చూడని కొత్తవాళ్లు, అందరూ ఒకే డబ్బాలో కొట్టుకునే ఆట. డబ్బా మీది పోస్టరులో ముప్పై రెండు అని జానెడు అంకె. కొట్టుకు రోజూ వచ్చేవాళ్లూ లెక్కకు ముప్పై రెండు మందే. అక్కడ బువ్వకైనా నీళ్లకైనా సీరియలే కాబట్టి పంపకమూ సీరియల్ ప్రకారమే జరిగింది. పై వరసల్లోని పద్దెనిమిది మందిని డ్రైవర్లు తీసుకున్నారు. కింద మిగిలిన పద్నాలుగు మంది హమాలీలకు వచ్చారు. లచ్చయ్య పాత పహిల్వాన్‌ను వదిలి, కోదాడ గుంపులో గిర్రున తిరిగి తన్నేవాణ్ని పట్టుకున్నాడు, వాడికి గిరకోడని పేరు. కోదాడలో ఆగినప్పుడల్లా వాడితో చేయి మరిగి ఉన్నాడు మరి. ఐలేశానికి మొహం కప్పుకున్న నల్లబట్టలాయన వచ్చాడు. ముసుగాయన.

ఆ రోజు కొత్త కట్టుబాటు పెట్టించింది కూడా ఐలేశమే. "ఇగ ఎవ్వని మనిషిని ఎవ్వడు ముట్టొద్దు. లోడుకు పోయినా, ఊరికి పోయినా సరే" అన్నాడు. అందరూ సరేనన్నారు.

ఇప్పుడు ఆ ఐలేశమే మోసం అంటున్నాడు. అజీజా ఆ దుమ్ములోనే ఇంకో గోతం దులిపింది. రజాక్‌ను ఆమె ఎరుగును. అబద్ధమాడితే చెవి గోక్కుంటాడు. పంపకం రోజు గోక్కున్నాడా? తెర అడ్డం, కనబడలేదు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆమె చెవులు అప్పగించి కూర్చుంది. మగవాళ్లు నిండిన ఆ గదిలోకి ఆమె ఏనాడూ పోలేదు, బొమ్మ ఎట్లా ఉంటుందో చూడలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ప్లగ్గూ తెర ఇవతల గోడకు ఉండడం వల్ల, మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు బటన్ నొక్కి డబ్బాను ఆపడం మాత్రం ఆమె పనే. కానీ చూడనివాటిని ఆమె వింటుంది. పాత ఎనిమిది మందిని గొంతును బట్టి గుర్తుపట్టేది. పహిల్వాన్ దగ్గినట్టు అరుస్తాడు. జడలాయన తన్నే ముందు ఈల వేసినట్టు ఊపిరి పీలుస్తాడు. కొత్తవాళ్లు వచ్చాక అంతా కలగాపులగమై ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

గోతం మూతి విప్పగా వచ్చిన పొడుగు దారం ఒళ్లో పెట్టుకుంది. కొత్త గొంతు వినబడితే ఒక ముడి. విన్న గొంతే మళ్లీ వస్తే ముడి లేదు. మొదటి పూటకు పదకొండు ముడులయ్యాయి. మర్నాడు పొద్దున నాలుగు, మధ్యాహ్నానికి మూడు. ఆ తర్వాత ముడులు ఆగిపోయాయి. ఇంకా రావాలి కదా అని చెవి తెరకు ఆనించి వింది. అవతల "ఇగ హమాలోళ్ల మనుషులను దించుండ్రి" అని ఎవరో నవ్వారు. హమాలీలు ఒకరి తర్వాత ఒకరు ఆడారు. ప్రతి అరుపూ ఆమెకు విన్న అరుపే. ఈల వేసేవాడు మళ్లీ వచ్చాడు, దగ్గేవాడు మళ్లీ వచ్చాడు.

"ఇగో, ఇంటున్నరా" అని రజాక్‌ను పిలిచింది. "ఇప్పుడు జడలాయన ఆడుతుండా?"

"లేడు. ఆయనను వట్టుకున్న యాదగిరి లోడుకు పోయిండు. గిప్పుడు ఆడేది హమాలీ గుర్వయ్య మనిషి, ఎర్రతువ్వాలాయన."

అజీజా దారం మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టింది. పద్దెనిమిది. మళ్లీ లెక్కపెట్టింది, పద్దెనిమిదే. పద్దెనిమిది గొంతులకు ముప్పై రెండు మంది మనుషులు. అందరూ తలా ఒకణ్ని పట్టుకుని, ఇంకొకడి మనిషిని ముట్టకుండా కూర్చుంటే ఇది ఎవరికి తెలుస్తుంది? ఎవడి మనిషి చేయి వాడికే తెలుసు. పక్కవాడిది తెలియదు.

మూడో రోజు పొద్దున, ఇంకా ఎవరూ రాకముందే, కోదాడ నుంచి ఆ బోర్డు తెచ్చి బిగించిన మెకానిక్ దశరథం వచ్చాడు. హ్యాండిల్ బిగించాలని రజాక్‌తో కబురు చేయించింది ఆమే. హ్యాండిల్‌కు ఏమీ కాలేదు. దశరథం మిషను వెనక తలుపు తీసి, నోట్లో మరలు పట్టుకుని హ్యాండిల్ చూస్తుండగా తెర కొద్దిగా జరిపి అడిగింది.

"దశరథం, ఇండ్ల ఎంతమంది ఉన్నరు?"

"ముప్పై రెండు మంది గదమ్మా. పోస్టర్ మీద రాసి లేదా?"

"పోస్టర్ నేను సూడలే. నాకు పద్దెనిమిది గొంతులే ఇనవడుతున్నయి."

దశరథం నోట్లోంచి మరలు తీసి అరచేతిలో పోసుకున్నాడు. రజాక్ వైపు చూశాడు. రజాక్ స్టూలు మీద, మిషన్లో వేసే బిళ్లలు సర్దుకుంటూ తల ఎత్తలేదు.

"ఏం జెయ్యమంటవు బీబమ్మా" అన్నాడు దశరథం. "రజాక్ భాయ్ ముప్పై రెండు మంది కావాలె, ఒక్కడు తక్కువైనా వద్దన్నడు. గంతమంది ఉన్న ఆట పట్నంల యాడ దొరకలే. అన్నిట్ల పెద్దదే పద్దెనిమిది మందిది. దానికే బట్టల రంగు మార్చి, మొకాలు కప్పి, పద్నాలుగు మందిని పుట్టించి ఇచ్చిండ్రు. బలం ఒక్కటే, దెబ్బ ఒక్కటే. నన్నడిగితె అసలు పన్నెండు మంది చాలు. ఎవడు యాడ కొడ్తడో అందరికి ఎరుకుంటది, ఆట గట్టిగుంటది."

"కడమ ఇరవై మంది ఏం జెయ్యాలె?" అన్నాడు రజాక్, అప్పుడు తల ఎత్తి.

"నిలవడి సూస్తరు."

"ఐలేశం రెండేండ్లు నిలవడి సూసిండు."

అజీజా మొగుడి మొహాన్నే చూస్తోంది. "మీకు తెల్సా ఈ సంగతి?"

రజాక్ చెయ్యి చెవి దాకా పోయి మధ్యలో ఆగింది. "తెల్వది. అడగలే. అడిగితె చెప్పుతడని అడగలే."

ఆమెకు కోపం వచ్చింది, ఒక్క దశరథం మీద కాదు, ఆ గదిలో ఉన్న ఇద్దరి మీదా. "ఇయ్యాల్నే చెప్పుండ్రి అందరికి. మనమీద మాట ఎందుకు పడాలె? బలం తక్కువోళ్లను ఇయ్యలే, అసలోళ్ల నకలే అని చెప్పుండ్రి."

"చెప్తె ఏమైతదో సోంచాయించినవా అజీజా?" రజాక్ గొంతు తగ్గించాడు. "ఒక్క మనిషికి ఒక్కడే యజమాని. ముసుగాయన, గిరకోడు ఒక్కడే అని తేలిందనుకో. సీరియల్‌ల ముందున్నది లచ్చయ్య. నాది నాకు తేపో అంటడు. ఆయన ఊకుండే మనిషా? యాదగిరి గట్లనే అంటడు. పద్నాలుగు మంది హమాలోళ్లు మల్ల నిలవడాలె. ఐలేశం మల్ల లేచి ఇయ్యాలె."

అజీజాకు లచ్చయ్య రెండు వేళ్ల తట్టు గుర్తొచ్చింది. చెప్పకపోతే రజాక్ దొంగ. చెబితే ఐలేశానికి ఆ నల్లబట్టలాయన కూడా ఉండడు. తెర మళ్లీ జరిపి, దబ్బనం అందుకుంది. ఆ పట్టాకు వేసిన కుట్లన్నీ వంకరపోయాయి.

నాలుగో రోజు ఎండ నడినెత్తికి రాకముందే కొట్టులో రభస మొదలైంది. ముందు వినబడింది ఐలేశం గొంతే. పొద్దున షిఫ్టు దిగి, దుమ్ము కూడా కడుక్కోకుండా వచ్చినట్టున్నాడు, మధ్య మధ్య దగ్గుతున్నాడు.

"నేను ఆడ. ఇగ నేను ఆడనే ఆడ. రజాక్ భాయ్, నీ ఇంటి ముంగట నిలవడి అంటున్న. నువ్వు బుద్ధిపూర్వకంగనే మాకు సచ్చినోళ్లను ఇచ్చినవు. బస్తాలు మోసెటోనికి సచ్చినోడు సాలు అనుకున్నవు."

"గట్ల కాదు ఐలేశం..." రజాక్ నసిగాడు.

"మరెట్ల? పదిహేను దినాలాయె. లచ్చన్న మనిషి గిరగిర తిరిగి తంతడు. నా మనిషి ఊకె సేతులు ఊపుతడు."

"నీకు ఆడ రాక మనిషినంటవేందిరా" అంది ఇంకో గొంతు. లచ్చయ్యది. బీడీ కాల్చే గొంతు, తొందర లేనిది.

"నాకు రాదా? అయితె నీ మనిషిని నాకియ్యి. నా మనిషిని నువ్వు తీస్కో. ఒక్కటే ఆట. ఎవ్వనికి రాదో తేలుతది."

చేతులు మారితే లచ్చయ్యకు తెలిసిపోతుందని అజీజాకు అర్థమైంది.  ముట్టొద్దన్న కట్టుబాటు పెట్టినవాడే దాన్ని ఎత్తేస్తున్నాడు. వద్దనడానికి రజాక్ నోరు తెరిచాడు గానీ హమాలీలందరూ "గదే సరి, గదే సరి" అని లేచారు. వద్దంటే మోసం ఒప్పుకున్నట్టే.

"సరె, పట్టు" అన్నాడు లచ్చయ్య. "జాగాలు మారుదాం. నువ్వు ఎడమ దిక్కు నా జాగకు రా."

అజీజా లేచి నిలబడింది. ఆమె చెయ్యి దానంతటదే గోడ మీది బటన్ దగ్గరకు పోయింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, కరెంటు పోయిందనుకుంటారు. నమాజుకు ఇంకా వేళ కాలేదు, అయినా ఎవరు అడుగుతారు? కానీ రేపు మళ్లీ మొదలవుతుంది. ఎల్లుండీ అంతే. వేలు బటన్ మీద పెట్టి, నొక్కకుండా వింటూ నిలబడింది.

బిళ్లలు పడ్డాయి. ఆట మొదలైంది. కుడివైపు బటన్ల మీద లచ్చయ్య చేతులు, పొడుగ్గా, గట్టిగా, మధ్య మధ్య ఆగుతూ. ఎడమవైపు ఐలేశం చేతులు, అన్నీ ఒకేసారి నొక్కేస్తూ. కాసేపు ఒట్టి గుద్దులే. హమాలీలు "ఇగ ఇగ" అంటున్నారు. ఐలేశానిదే పైచేయిగా ఉన్నట్టుంది.

అప్పుడు కుడివైపు హ్యాండిల్ కిందినుంచి పక్కకు తిరిగిన చప్పుడు, రెండు బటన్లు ఒకేసారి నొక్కిన చప్పుడు వినబడ్డాయి. చేతి అలవాటు అది, అడగకుండానే పోయిన చెయ్యి. స్పీకరులోంచి పొడుగు అరుపు గిర్రున లేచింది. గిరకోడి అరుపు. అరిచింది ముసుగాయన.

"అరె!" అన్నారు ఎవరో. "ముసుగాయన సుత తిరుగుతడు!"

లచ్చయ్య చేతులు ఆగిపోయాయి. ఎంతసేపు ఆగాయో ఆమె లెక్కపెట్టలేదు గానీ, ఆ సేపట్లో ఐలేశం రెండు దెబ్బలు కొట్టాడు, అయినా లచ్చయ్య కదలలేదు. తెలిసిపోయిందతనికి. ఆ దెబ్బ కోసం కోదాడలో ఎన్ని మధ్యాహ్నాలు పోగొట్టుకున్నాడో, ఆ దెబ్బ ఇంకొకడి చేతి కింద దాక్కుని ఉందని తెలిసిపోయింది. ఇప్పుడు అంటాడు అనుకుంది అజీజా. ఇద్దరూ ఒక్కడే, నాది నాకు తేపో అంటాడు. ఐలేశం భుజం మీద రెండు వేళ్లు పడతాయి. ఆమె కళ్లు మూసుకుంది.

బటన్లు మళ్లీ మోగాయి. లచ్చయ్య ఆ దెబ్బ ఇక వాడలేదు. వట్టి గుద్దులతో, వట్టి తన్నులతో నిదానంగా ఆట ముగించాడు. గెలిచింది ముసుగాయనే. ఓడింది గిరకోణ్ని పట్టుకున్న ఐలేశం.

హమాలీల చెప్పులు డబ్బా వైపు జరిగిన చప్పుడైంది. 

"ఎట్లున్నడు లచ్చన్నా, నా మనిషి?" అని ఐలేశమే అడిగాడు. కోపం పోయి గొంతు సన్నబడింది.

లచ్చయ్య బీడీ ముట్టించుకున్నాడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, ఆర్పిన చప్పుడు విన్నది ఆమె.

"గట్టోడే. సచ్చినోడెట్లయితడు? నువ్వే వాని దెబ్బ దొరకవట్టలే."

"నీ వానిదీ గదే దెబ్బ గదనే? అట్లనే అనిపిచ్చింది."

"ఎట్లయితది?" లచ్చయ్య తొందరపడలేదు. "నావోడు కుడి దిక్కు తిరుగుతడు. ఈడు ఎడమ దిక్కు తిరిగిండు, సూడలేదా? వేరే మనిషి. నా చేతికి పడెటోడు కాడు. ఇటు రా, నీ జాగల నిలవడు. హ్యాండిల్ కిందికెల్లి తిప్పు. గట్ల కాదు, జర మెల్లగ. ఇగ రెండు ఒక్కసారి కొట్టు."

అజీజా వేలు బటన్ మీదినుంచి జారింది. కుడివైపు నిలబడ్డవాడి మనిషి ఎడమకు తిరగక ఎటు తిరుగుతాడు? జాగా మారింది, మనిషి కాదు. ఆ అరుపు పొడుగు, చివర్లో ఆ చిన్న గీర, ఈ నాలుగు రోజులుగా లచ్చయ్య చేతి కింద విన్నదే. ఆ కొట్టులో అది తెలిసినవాళ్లు ముగ్గురు. అబద్ధం చెప్పింది మాత్రం ఆమె ఎప్పుడూ నమ్మని మనిషి. ఆ లచ్చయ్యను ఇన్నేళ్లూ తెర వెనక నుంచి తిట్టుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోతాల మోపు మీద కూలబడింది.

అవతల ఐలేశం హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాడు. ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది, పదోసారో పన్నెండోసారో అరుపు గిర్రున లేచింది. హమాలీల కేకకు గోడ మీది గడియారం కదిలింది. ఆ రోజు నమాజుకు డబ్బా ఆపడం పావుగంట ఆలస్యమైంది. అల్లా క్షమిస్తాడులే అనుకుంది.

రెండు రోజుల తర్వాత నర్సింగమ్మ మామూలు కంటే పెద్ద మోపు తెచ్చింది. దించీ దించగానే కూర్చుని నీళ్లు అడిగింది. సగం తాగి, సగం మెడ మీద పోసుకుంది.

"నిన్న గెలిసిండు మా ఆయన, లచ్చన్న మీదనే. ఇంటికొచ్చి బువ్వ తిని సక్కగ పండిండు" అంది. కాసేపు ఆగి, కొంగు పిండుకుంటూ, "మొన్న జర ఎక్కువ మాట్లాడిన, మనసుల వెట్టుకోకు బీబమ్మా" అని కూడా అంది.

అజీజా ఇంకో చెంబు నీళ్లు ఆమె ముందు పెట్టింది. అజీజా ఒళ్లో పాత దారం ఉంది, ముడులతో సహా. ఆ ముడులు దబ్బనం కంట్లో దూరవు కాబట్టి కుట్టుకు పనికిరాదు. కుట్టిన పట్టాలు చుట్టి, ఆ దారంతో కట్ట కట్టి గట్టిగా బిగించింది.

ముందు గదిలో కొత్త గొంతు వినబడింది. ఆలంపూర్ దిక్కు నుంచి వచ్చిన డ్రైవరట, లోడుకు ఇంకా రెండు రోజుల సీరియల్ ఉంది. పోస్టరు ముందు నిలబడి రజాక్‌ను అడుగుతున్నాడు.

"భాయ్, గీ అంకె నిజమేనా? పోస్టర్ల మీద ఉత్త మాటలు రాస్తరు. నిజంగ ఎంతమంది ఉన్నరు ఇండ్ల?"

 రజాక్ ఇప్పుడు చెవి గోక్కుంటూ ఉంటాడని అజీజాకు తెలుసు. డబ్బా దగ్గర లచ్చయ్య చేతులు, ఐలేశం చేతులు రెండూ ఆగాయి.

"ముప్పై రెండు మంది" అంది అజీజా బేగం తెర వెనక నుంచి, అందరికీ వినబడేట్టు. "నేను లెక్కవెట్టిన."